పెరట్లో మోనజైట్ ఇసుక: రేడియోధార్మిక మట్టిని తీయడం ఎలా

ఒడిశాలోని గంజాం తీరపు ఇసుకలో రేడియోధార్మికత ఎవరో తెచ్చి పోసింది కాదు. తూర్పు కనుమల రాళ్లు అరిగి ఏళ్ల తరబడి నదుల్లో కొట్టుకొచ్చిన మోనజైట్ (థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉన్న ఖనిజం) గింజల్ని కెరటాలు ఏరి ఒడ్డున పేర్చాయి. ఛత్రపురం దగ్గర కేంద్ర ప్రభుత్వానికి చెందిన ఐఆర్‌ఈఎల్ సంస్థ ఈ ఇసుక నుంచే ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, గార్నెట్‌లను వేరు చేస్తుంది. ఆ తీరాన్ని శుభ్రం చేయాలని ఎవరూ అనుకోకూడదు, అది అయ్యే పని కూడా కాదు. ఇక్కడ చెప్పేది వేరే సంగతి. తీరం ఇసుకనో, ఖనిజం వేరు చేశాక మిగిలిన ఇసుకనో తెచ్చి ఇంటి పెరట్లో, బడి ఆవరణలో, కళ్లంలో మెరకకు పోస్తారు. అక్కడ రేడియేషన్ కొలిచే మీటరు చుట్టుపక్కల కంటే బాగా ఎక్కువ చూపుతుంది. అప్పుడు ఏం చేయాలి? బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ వైపు పని చేసే మేస్త్రీలు, పంచాయతీ ఇంజనీర్లు, స్థలం ఉన్నవాళ్లు ఇది దగ్గర పెట్టుకోవచ్చు.

మోనజైట్ అణుశక్తి చట్టం, 1962 కింద నియంత్రణలో ఉన్న పదార్థం. దాన్ని సొంతంగా వేరు చేసి పోగేయడం, అమ్మడం, లారీకెత్తి ఇంకెక్కడో పారబోయడం నేరం. అందుకే మొదటి అడుగు పార పట్టడం కాదు, కలెక్టరు కార్యాలయానికి, అణుశక్తి నియంత్రణ మండలికి రాసి పెట్టడం. కింద చెప్పే తవ్వకం అంతా అనుమతి వచ్చాక, రేడియేషన్ భద్రతా అధికారి దగ్గరుండగా చేసేదే. మీరు సొంతంగా చేయగలిగింది కొలత, హద్దు గీయడం, దుమ్ము లేవకుండా చూసుకోవడం.

అదేమిటో ముందు తేల్చండి

రంగు చూసి మోసపోకండి. ఇసుకలో నల్లగా మెరిసేది ఎక్కువగా ఇల్మనైట్, ఎర్రగా ఉండేది గార్నెట్. రెండిటిలోనూ రేడియోధార్మికత తక్కువే. అసలు మోనజైట్ గింజ తేనె రంగులో, పసుపు గోధుమగా, సన్నటి రవ్వంత ఉంటుంది. నల్ల ఇసుక ఉన్నచోట అదీ ఉండే అవకాశం ఎక్కువ, అంతే. రెండూ బరువైనవి కాబట్టి నీళ్లు రెండిటినీ ఒకే చోట దింపుతాయి.

మన దేశపు మోనజైట్‌లో థోరియం ఆక్సైడ్ సుమారు 8 నుంచి 10 శాతం, యురేనియం ఆక్సైడ్ 0.3 శాతం పైచిలుకు ఉంటుంది. లెక్క కడితే ఒక గ్రాము మోనజైట్‌లో థోరియం-232 ఒక్కటే సుమారు 300 బెక్వెరెల్ (సెకనుకు ఒక అణువు విడిపోతే ఒక బెక్వెరెల్). థోరియం, యురేనియం శ్రేణులకు (అవి విడిపోతూ వరసగా పుట్టే పదార్థాలతో సహా) అంతర్జాతీయంగా వాడే హద్దు గీత గ్రాముకు 1 బెక్వెరెల్. అంటే కిలో ఇసుకలో 3 గ్రాముల మోనజైట్ ఉంటే చాలు, ఆ గీత తాకినట్టే. మామూలు నేలలో థోరియం-232 కిలోకు 30 నుంచి 45 బెక్వెరెల్ దాకా ఉంటుంది. గీతకూ మామూలు నేలకూ మధ్య ఇరవై రెట్లకు పైగా తేడా ఉంది, కాబట్టి కొంచెం ఎక్కువ కనిపించగానే కంగారు పడక్కర్లేదు.

కిలో మట్టిని 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, గాలి చొరబడని డబ్బాలో మూత బిగించి గామా స్పెక్ట్రోమెట్రీ (గామా కిరణాల శక్తిని బట్టి అవి ఏ పదార్థం నుంచి వస్తున్నాయో తేల్చే పరీక్ష) ఉన్న ప్రయోగశాలకు పంపండి. మూత వేశాక దాదాపు నాలుగు వారాలు ఆగి కొలవాలి. యురేనియం నుంచి పుట్టే రాడాన్ వాయువు, దాని పిల్లలు (అది విడిపోయి పుట్టే పదార్థాలు) లోపల సమతూకానికి రావడానికి ఆ మాత్రం పడుతుంది. తొందరపడి మర్నాడే కొలిస్తే యురేనియం శ్రేణి తక్కువగా కనిపిస్తుంది. రిపోర్టులో 583, 911, 2614 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర గీతలుంటే థోరియం శ్రేణి, 609 దగ్గరుంటే యురేనియం శ్రేణి. 662 దగ్గర గీత నిలబడితే సీజియం-137. 1173, 1332 రెండూ కలిసి కనిపిస్తే కోబాల్ట్-60. ఈ చివరి రెండిటిలో ఏది వచ్చినా కథ మారిపోతుంది. అది ఇసుకతో వచ్చింది కాదు, ఏదో పరికరం నుంచి వచ్చి ఉండవచ్చు.

కొలిచేటప్పుడే మీటరు నేలకు ఒక మీటరు ఎత్తులో గంటకు 100 మైక్రోసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదు కొలమానం) దాటినా, మట్టిలో స్టీలు గొట్టం, సీసపు డబ్బా, రేడియేషన్‌ను సూచించే మూడాకుల గుర్తున్న పలక కనిపించినా వెంటనే వెనక్కి వచ్చేయండి. కనీసం 30 మీటర్ల దూరం ఖాళీ చేయించి 112కు ఫోన్ చేయండి. ముట్టుకోవద్దు, మట్టి కప్పొద్దు. 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో 93 గ్రాముల సీజియం క్లోరైడ్ ఉన్న గొట్టాన్ని పాత ఇనుము కోసం విప్పారు. నలుగురు చనిపోయారు. శుభ్రం చేసేసరికి 3500 ఘనపు మీటర్ల చెత్త పోగైంది.

ఊరి అంకె కట్టుకోండి

గంజాంలో ఎక్కువమంది తప్పేది ఇక్కడే. జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత గంటకు 0.23 మైక్రోసీవర్ట్ అనే గీత పెట్టుకున్నారు. అక్కడ సహజంగా ఉండే 0.04కు అదనంగా 0.19 వస్తే ఏడాదికి ఒక మిల్లీసీవర్ట్ అవుతుందని లెక్క. రోజుకు ఎనిమిది గంటలు బయట, పదహారు గంటలు ఇంట్లో ఉంటారని, ఇంటి గోడలు 60 శాతం ఆపుతాయని అందులో ఊహ ఉంది. ఇంటర్నెట్‌లో ఆ అంకె చూసి ఛత్రపురం ఒడ్డున మీటరు పెడితే సముద్రం దాకా తవ్వాల్సి వస్తుంది. ఏడాదికి ఒక మిల్లీసీవర్ట్ అన్న హద్దు సహజ మోతాదుకు అదనంగా వచ్చేదానికే.

కాబట్టి మీ స్థలానికి దగ్గరగా, అదే రకం నేల ఉన్నచోట, ఎవరూ ఏమీ పోయలేదని ఊళ్లో పెద్దవాళ్లు చెప్పగలిగే జాగా చూసుకోండి. ఇసుక దిబ్బ మీద ఇంటికి ఇసుక దిబ్బ, రేగడి పొలానికి రేగడి పొలం. దిబ్బ మీది సరుగుడు తోటలో కొలిచిన అంకె తెచ్చి లోపలి వరిమడికి పెట్టకూడదు. పది చోట్ల తక్కువ కాకుండా ఒక మీటరు ఎత్తున కొలిచి సగటు, చెదరుడు (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్) కట్టండి. గంటకు సగటు 0.40, చెదరుడు 0.05 మైక్రోసీవర్ట్ వచ్చిందనుకోండి. సగటుకు మూడు చెదరుళ్లు కలిపితే 0.55. పెరట్లో దానికి పైన చూపిన చోటే మీకు పని. దానికి కింద ఉన్నదాన్ని తవ్వితే డబ్బూ దండగ, సంచులూ దండగ.

మీటరు సంగతి. సోడియం అయొడైడ్ సింటిలేటర్ రకం మీటరు ఉంటే మేలు, ఐదు పది సెకన్లలో అంకె నిలుస్తుంది. గైగర్ మీటరైతే ఒక్కో చోట నిమిషం ఆగాలి. పాత మీటర్లు మిల్లీరాంట్‌జెన్‌లో చూపుతాయి, గంటకు 0.01 అంటే సుమారు 0.1 మైక్రోసీవర్ట్. మీటరును పల్చటి పాలిథీన్ కవర్లో చుట్టండి, దుమ్ము పడితే కవరు మార్చండి. రోజూ పొద్దున్న ఒకే అరుగు మీద పెట్టి చూడండి. నిన్నటికీ ఇవాళ్టికీ ఐదో వంతు కంటే ఎక్కువ తేడా వస్తే బ్యాటరీ చూడండి, అప్పటికీ సరిపడకపోతే ఆ రోజు కొలత ఆపండి. వాన పడుతుండగా, వెలిసిన మూడు గంటల్లోపు కొలవొద్దు. గాల్లోని రాడాన్ పిల్లల్ని వాన కిందికి దింపి అంకె పెంచుతుంది. అవి ఆరిపోయాక తడి మట్టి కొంచెం తక్కువ చూపుతుంది.

గడులు గీసి, లోతు చూసి

పురికొస కట్టి, మేకులు దిగ్గొట్టి స్థలాన్ని 5 మీటర్ల గడులుగా చేయండి. మీటరును నేలకు పది సెంటీమీటర్ల ఎత్తున పట్టుకుని నెమ్మదిగా, సెకనుకు అర మీటరు మించకుండా నడవండి. అంకె లేచిన గడిని మళ్లీ ఒక మీటరు గడులుగా విడగొట్టి, ఒక్కోదానిలో నేలను ఆనించి ఒకటి, మీటరు ఎత్తున ఒకటి రాసుకోండి. అంకె ఎక్కువ ఉన్న మరక హద్దుకు సున్నంతో గీత గీయండి. నేల మీద అంకె బాగా ఎక్కువ, మీటరు ఎత్తున దాదాపు మామూలు అయితే చిన్న మరక. రెండూ ఎక్కువైతే వెడల్పాటిది. థోరియం గ్రాముకు 1 బెక్వెరెల్ చొప్పున వెడల్పుగా పరచుకున్న నేల మీటరు ఎత్తున గంటకు 0.6, 0.7 మైక్రోసీవర్ట్ దాకా అదనంగా చూపుతుంది. ప్రయోగశాల అంకెకూ మీటరు అంకెకూ పొంతన ఉందో లేదో చూసుకోవడానికి ఇది పనికొస్తుంది. చిన్న పెరట్లో అంతకంటే తక్కువే వస్తుంది.

బరువు గింజ కాబట్టి మోనజైట్ నీళ్లు నెమ్మదించిన చోట దిగబడుతుంది. చూరు కింద నీళ్లు పడే గీత, గోలెం చుట్టూ, కాలువ మలుపు, మెట్టు కింద పల్లం. ఈ నాలుగూ చూడకుండా మ్యాపు పూర్తయిందనుకోకండి. చూరు కింద అరచేతి వెడల్పు చారలో అంకె పెరడు సగటుకు రెట్టింపు ఉండి, జానెడు పక్కకు జరిగితే మామూలైపోవడం కద్దు. ఆ చార ఒక్కటే గీకితే ఒక తట్టతో పోతుంది. అది కనిపెట్టకపోతే పెరడంతా తవ్వుతారు.

లోతు కోసం 5 సెంటీమీటర్ల పీవీసీ గొట్టాన్ని సుత్తితో 30 సెంటీమీటర్లు దించి, బయటికి తీసి నిలువునా కోయండి. మట్టిని 0–5, 5–10, 10–15, 15–30 ముక్కలు చేయండి. గొట్టం దిగేటప్పుడు పైమట్టి గోడకు రాసుకుని కిందికి జారుతుంది. ప్రతి ముక్క చుట్టూ అర సెంటీమీటరు గీకి పారేసి లోపలిదే సంచిలో వేయండి. ఈ గీకుడు మానేస్తే కింది పొరలు కూడా మురికిగా కనిపిస్తాయి, అనవసరంగా జానెడు లోతుకు పోతారు.

ఒక లెక్క ఎప్పుడూ మనసులో ఉండాలి. పది మీటర్లు చదరంగా ఉన్న పెరట్లో 5 సెంటీమీటర్లు గీకితే 5 ఘనపు మీటర్లు, ఇసుకైతే సుమారు 8 టన్నులు. తవ్వి పోసిన మట్టి పొంగుతుంది కాబట్టి సంచుల్లోకి వచ్చేది ఆరుకు పైనే. అదే పెరట్లో కొలవకముందే ఎవరైనా పవర్ టిల్లర్ తిప్పి ఉంటే పై పొర 20 సెంటీమీటర్ల దాకా కలిసిపోతుంది. అప్పుడు తీయాల్సింది 20 ఘనపు మీటర్లు, 32 టన్నులు. మరక కనిపించిన రోజు నుంచి అక్కడ దుక్కి, పార, మొక్కలు నాటడం అన్నీ బంద్.

గీకడం

కాలం ముందు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. అక్టోబరు తుఫానుల నెల. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ పలాస వైపు అక్టోబరులోనే తీరం దాటాయి. మార్చి దాటితే గాలి, దుమ్ము. డిసెంబరు, జనవరి మంచి నెలలు. ఋషికుల్య మొగ దగ్గర ఒడ్డుకు ఆనుకుని ఉన్న స్థలమైతే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లకు వచ్చే ఫిబ్రవరి, మార్చిలో రాత్రి లైట్లు, యంత్రాలు వద్దు. అటవీ శాఖను ముందే అడగండి.

తాడు కట్టి లోపల, బయట అని రెండు జాగాలు చేయండి. లోపలికి వేరే బూట్లు, చేతి తొడుగులు, నిండు చేతుల బట్టలు, ముక్కుకు సరిగ్గా అంటుకునే ఎన్95 మాస్కు. రుమాలు కట్టుకుంటే చాలదు. థోరియం ఇసుకతో అసలు ప్రమాదం ఒంటికి తగిలే గామా కంటే ఊపిరితో లోపలికి పోయే దుమ్ముది. ఖైనీ, గుడాకు, చుట్ట, బీడీ తాడు లోపలికి రాకూడదు. గుడాకు వేలితో పళ్లకు రాసుకునేది, ఆ వేలికి ఏముంటే అది నోట్లోకే. పఖాళ (చద్దన్నం) క్యారేజీ, మంచినీళ్ల బిందె గాలి వచ్చే వైపు, తాడుకు బయట. బోర్డు ఒడియా, తెలుగు రెండిటిలోనూ రాయించండి, కూలీల్లో ఎవరు ఏది చదువుతారో తెలియదు.

1. గీకే ముందు రోజు సాయంత్రం సన్నటి జల్లుతో తడపండి, చదరపు మీటరుకు 2, 3 లీటర్లు. గుప్పెడు పిడికిలి పడితే ముద్ద నిలవాలి, నీరు కారకూడదు. నీరు పారితే మరక పారినట్టే. బంకమట్టిలో సగం నీళ్లు చాలు, లేకపోతే పారకు అంటుకుని అడుగడుగునా చిందుతుంది.

2. గడ్డి, ఆకులు ముందు కోసి వేరే సంచుల్లో వేయండి. కాల్చొద్దు. కాలిస్తే బూడిదలో చిక్కబడి గాలికి లేస్తుంది.

3. అంకె అన్నిటికంటే ఎక్కువ ఉన్న మరక నుంచి మొదలుపెట్టండి. అది పోతే మిగిలిన రోజులంతా కూలీలకు మోతాదు తగ్గుతుంది. ఆ తర్వాత మెరక నుంచి పల్లానికి, గాలి వచ్చే వైపు నుంచి పోయే వైపుకు.

4. ఐదేసి సెంటీమీటర్ల పొరలుగా తీయండి. ఒక పొర, ఒక కొలత, ఆపై అవసరమైతేనే రెండో పొర. పారతో గీకే వాడు తీసిన నేల మీద నిలబడే ముందుకు జరగాలి, ముందున్న మురికిని తొక్కకూడదు.

5. జేసీబీ అయితే బకెట్ పళ్ల మీద ఇనుప పట్టీ వెల్డింగ్ చేయించండి. పళ్లు నేలను గీకవు, దున్నుతాయి. ఎంత మంచి ఆపరేటరైనా యంత్రంతో 5 సెంటీమీటర్లు అన్నచోట 8 పోతుంది. రెండు సెంట్ల లోపు స్థలమైతే మనుషులే నయం.

ఇంటి నేల కింద మెరకగా పోసిన ఇసుక సంగతి వేరు. థోరియం నుంచి పుట్టే థోరాన్ వాయువు సగం ఆయువు (ఉన్నది సగమయ్యే సమయం) 56 సెకన్లు. పగుళ్లు లేని సిమెంటు నేల దాటి పైకి వచ్చేలోపే అది చాలావరకు అయిపోతుంది. గదిలో గామా అంకె భరించదగ్గదే అయితే నేల పగలగొట్టకండి, పగుళ్లు పూడ్చి కిటికీలు తెరిచి ఉంచండి. పేడతో అలికిన నేల దుమ్మును పట్టి ఉంచుతుంది, కిరణాన్ని ఆపదు.

సంచులు, నిలవ

ఒక ఘనపు మీటరు జంబో సంచి, లోపల పాలిథీన్ పొర ఉన్నది. ఇసుక నిండా పోస్తే 1.6 టన్నులు. టన్ను మోసే సంచైతే మూడింట రెండు వంతుల కంటే తక్కువే నింపండి. ఎండకు తట్టుకునే రకం అడిగి కొనండి. మామూలు నేత సంచి తీరపు ఎండలో నెలల్లో పొడిపొడిగా రాలిపోతుంది. సిమెంటు సంచులు అసలొద్దు. చిరుగుతాయి, పైగా ఎవరో ఒకరు ఖాళీ చేసి ధాన్యానికి తీసుకుపోతారు. ప్రతి సంచికీ నెంబరు, తేదీ, ఏ గడి, ఏ లోతు, బరువు, సంచిని ఆనించిన అంకె. చెరిగిపోని రంగుతో రెండు వైపులా రాయండి.

తరలించే దాకా మెరక మీద, బావికి దూరంగా, అడుగున మందపాటి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు వేసి, నీరు జారేలా చిన్న వాలు ఇచ్చి పేర్చండి. పైన బరకం. చుట్టూ 30 సెంటీమీటర్ల మంచి మట్టి కప్పు వేస్తే సీజియం గామాలో 98 శాతం ఆగుతుందని ఫుకుషిమా అనుభవం. థోరియం శ్రేణిలో 2614 గీత బాగా చొచ్చుకుపోయేది, కాబట్టి దానికి ఇంకొంచెం మందంగా వేయాలి. ఎక్కడికి పంపాలన్నది మండలి అనుమతిలోనే ఉంటుంది. ఆ కాగితం లేకుండా లారీ ఎక్కించొద్దు.

కడిగి తగ్గించవచ్చా

కొంతవరకు. మోనజైట్ గింజ ఎక్కువగా మిల్లీమీటరులో ఐదో వంతు లోపే ఉంటుంది. పెరట్లో కంకర, ఇటుక ముక్కలు, గవ్వలు కలిసి ఉంటే ఒక మిల్లీమీటరు జల్లెడ మీద తడిగా జల్లించి, పైన నిలిచింది కడిగి కొలిచి మళ్లీ అక్కడే వేయవచ్చు. ఒట్టి తీరపు ఇసుకైతే జల్లెడ దండగ, అంతా కిందికే పోతుంది. బరువును బట్టి, అయస్కాంతాన్ని బట్టి వేరు చేయడం లైసెన్సున్న కర్మాగారం పని. ఆమ్లం పోసి కడగాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మోనజైట్ గాఢ గంధకామ్లంలోనో, గాఢ కాస్టిక్ సోడాలోనో వేడి చేస్తే తప్ప విడదు. పెరట్లో పోసిన ఆమ్లం బావినే పాడు చేస్తుంది.

సీజియం అయితే తీరు వేరు. అది బంకమట్టి రేణువుల అంచుల్లో ఇరుక్కుంటుంది, ఇసుక రేణువుకు అంతగా అంటదు. నీటితో 75 మైక్రాన్ల కింది మట్టిని వేరు చేస్తే మురికి చాలావరకు అందులోకి వస్తుంది. మట్టిలో బంక మూడో వంతు ఉంటే తగ్గేది కొద్దే. పొద్దుతిరుగుడు నాటితే పీల్చేస్తుందన్న మాట మీద జపాన్ వ్యవసాయ శాఖ పరీక్ష పెట్టింది, మొక్క తీసుకుంది నేలలోని సీజియంలో 2000లో ఒక వంతు. తవ్వలేని పొలంలో పొటాష్ వేయడం అంతకంటే పనికొస్తుంది. మట్టి వంద గ్రాములకు 25 మిల్లీగ్రాముల పొటాష్ అందుబాటులో ఉండేలా చూస్తే వరి గింజలోకి సీజియం బాగా తగ్గుతుందని అక్కడ తేలింది. థోరియంకు పొటాష్‌తో పని లేదు.

నింపడం, మళ్లీ కొలవడం

గీకిన ప్రతి మీటరు గడిలో అవే రెండు ఎత్తుల్లో కొలిచి, పాత అంకెల పక్కనే రాయండి. అంకె మీ 0.55 కిందికి దిగితే అక్కడితో ఆపండి. దిగకపోతే, పక్క గడి నుంచి వచ్చే గామానేమో ముందు చూడండి. మీటరు మొన చుట్టూ సీసపు రేకు తొడుగు పెట్టి కిందికి మాత్రమే చూసేలా చేస్తే తెలిసిపోతుంది. ఆ పరీక్ష చేయకుండా రెండో పొర తీయడం మామూలుగా జరిగే పొరపాటు.

నింపే మట్టి టిప్పరును దింపించే ముందే కొలవండి. గంజాంలో చవగ్గా దొరికే ఇసుక మళ్లీ అదే దిబ్బల నుంచి వస్తుంది, శుభ్రం చేసిన గోతిలో అదే మోనజైట్ పోస్తారు. లోపలి ఎర్రమట్టి కాస్త ఖరీదైనా అదే తెప్పించండి. టిప్పరు తొట్టికి మీటరు ఆనించి, మీ ఊరి సగటు కంటే ఎక్కువ చూపితే వెనక్కి పంపండి.

మొదటి పెద్ద వాన వెలిసిన మర్నాడు చూరు కింద, కాలువ మలుపులో, గోలెం చుట్టూ మళ్లీ నడవండి. కొత్త చార తేలితే దాన్నొక్కటే తడిపి, గీకి, సంచికెత్తి నెంబరు వేయండి.